మోచేతి కింద చుమ్మాడు

నా ఉద్యోగ జీవితం మొత్తంలో నాకు చప్పట్లు పడింది ఒకే ఒక్క సాయంత్రం. ఆ సాయంత్రం నేను చేసిన ఘనకార్యం ఏమిటంటే, మనిషి కూర్చున్న రాకెట్టును సముద్రం మీద ముక్కలు ముక్కలు చేశాను.

కంగారు పడకండి. రాకెట్టు తెర మీదిది. మనిషిని నేనే. సముద్రమేమో మా కోడింగు అమ్మాయి గీసిన నీలిరంగు చతురస్రం. అయినా ముక్కలైన మాట నిజం, చప్పట్ల మాటా నిజం. కొత్తగా ఉద్యోగాల్లో చేరి మొదటి తప్పుకే మొహం చిన్నబుచ్చుకునే పిల్లలు ఈ ముచ్చట వింటే బాగుండునని రాస్తున్నాను. పేర్లు మాత్రం రాయను. రాస్తే పేరున్నవాళ్ళు సిగ్గుపడతారు, లేనివాళ్ళు ఫోన్లు చేస్తారు.

మద్రాసు చూలైలో, రెండు ఆటోలు ఎదురుపడితే ఒకటి వెనక్కి పోవలసినంత ఇరుకు సందులో మా కంపెనీ. కింద అంతా లేతు మిషన్ల షాపులు, పైన మేము. హార్బరులో క్రేను నేర్చుకునేవాళ్ళ కోసం ఉత్తుత్తి క్రేను, రైలు డ్రైవర్ల కోసం ఉత్తుత్తి ఇంజను తయారు చేసేవాళ్ళం. చూడ్డానికీ పట్టుకోవడానికీ నిజందానిలాగే ఉంటుంది, కానీ ఎవరికీ దెబ్బ తగలదు. "జనం నిమ్మళంగా తప్పులు చేసుకునేదానికి మనం చోటిస్తాం, అంతే" అనేవారు మా పెద్దసారు. ఆయనే యజమాని, ఆయనే ఇంజనీరు.

నేను బడికి పోయినదాన్ని కాదు. చిన్నప్పుడు ఉబ్బసం. సౌకార్‌పేట మిర్చి ఘాటుకే ఊపిరాడని పిల్ల బడి దుమ్ము తట్టుకోలేదని డాక్టరు అంటే, మా అవ్వ "అట్లయితే బడినే ఇంటికి తెస్తాం పో" అనింది. అవ్వ తెలుగు, నాయన లెక్కలు, మేడమీద అద్దెకున్న తమిళ టీచరమ్మ ఇంగ్లీషు. పరీక్షలు ప్రైవేటుగా రాసి పాసయ్యాను. అవ్వ బియ్యప్పళ్ళెంలో నా చెయ్యి పట్టుకుని అక్షరాలు దిద్దించేది. నేను వేలు బిగబట్టి ముందుకు పోబోతే, "లాగబాక పాపా. చెయ్యి వదులుగా పెట్టు, అక్షరమే వస్తది" అనేది. ఆ ముగ్గురినీ నాకిచ్చిన దేవుడికి నేను రోజూ దీపం దగ్గర చెప్పే కృతజ్ఞతల్లో అవ్వ చెప్పిన ఈ మాట ఇప్పటికీ ముందు వరసలో ఉంటుంది.

కంపెనీలో టైపు పనికని చేరాను. కొన్నాళ్ళకు, తయారైన ప్రతి యంత్రాన్నీ మొదట నా చేత నడిపించి చూడడం అలవాటైంది. ఎందుకంటే, ఏమీ తెలియని మనిషి చేతిలో ఎలా నడుస్తుందో తెలియాలి కదా. ఏమీ తెలియకపోవడంలో నన్ను మించినవాళ్ళు ఆ ఆఫీసులో లేరు.

అలా ఉండగా, నేను రిటైరవడానికి కొద్ది ముందు, ఆ రాకెట్టు పని వచ్చింది.

పని ఇచ్చినవాళ్ళు పెద్దవాళ్ళు. వాళ్ళడిగింది చిన్న ప్రశ్న. రాకెట్టు పైకి పోయేటప్పుడు కింద ఇంజన్లు మండుతూ ఉంటాయి. దాన్ని నడపడమంటే ఆ మంట వచ్చే గొట్టాన్ని కాస్త ఇటో అటో వంచడం. మామూలుగా అది కంప్యూటరు పని. లోపలివాళ్ళు కాళ్ళు పైకి పెట్టి వెల్లకిలా పడుకుని చూస్తూ ఉంటారు. కంప్యూటరు మొరాయిస్తే, అదే మంటల మీద, అదే పరుగులో, మనిషి తన చేత్తో దారి పట్టించగలడా? పట్టించగలడంటే కుడిచేతి దగ్గర ఒక పిడి పెడతారు. లేదంటే ఆ పిడి తీసేస్తారు.

మా పెద్దసారుకు ఆ పిడి ప్రాణమై కూర్చుంది. ఆయన ఒకప్పుడు ఆస్పత్రి లిఫ్టులో ఇరుక్కున్నారట. ఏ బటన్ నొక్కినా పలకలేదట. "బయట పడతానా లేదా అనేది కాదమ్మా బాధ. చేతికి చేసేదానికి ఏమీ లేదే, అది. మనిషిని ఆకాశానికి పంపిస్తా, చేతికి ఏమీ ఇయ్యకుండా పంపిస్తామా?" అని అడిగేవారు. లిఫ్టు కథ మేము ఎన్నిసార్లు విన్నామో చెప్పలేను. విన్న ప్రతిసారీ అది ఇంకో అంతస్తు పైకి పోయేది.

సరే, యంత్రం తయారైంది. ఎదురుగా గుండ్రటి పలకలో రెండు ముళ్ళు, నిలువుది ఒకటి, అడ్డంది ఒకటి. అడ్డ ముల్లు పైకి పోతే పిడిని మనవైపుకు లాగాలి, రాకెట్టు ముక్కు పైకి లేస్తుంది. కిందికి పోతే అవతలికి నెట్టాలి. నిలువు ముల్లు ఎటు పోతే పిడి అటు. రెండూ నడిమధ్యలో కలుసుకున్నంతసేపూ దారి సరిగ్గా ఉన్నట్టు.

ఇంతేనా అనిపిస్తుంది. చిక్కంతా ఒక్కచోట ఉంది. అంత పొడుగు వాహనానికి మన చెయ్యి చెప్పింది ఆలస్యంగా వినిపిస్తుంది. వినలేదేమోనని మనం ఇంకొంచెం లాగుతాం. అప్పటికి మొదటి మాట విని, రెండోది కూడా విని, అది కావలసినదానికన్నా ఎక్కువ తిరుగుతుంది. అయ్యయ్యో అని అటు నెడతాం. ఈసారి అటువైపు ఎక్కువ. అలా ఉయ్యాల మొదలవుతుంది. ఉయ్యాల పెరిగితే రాకెట్టు విరుగుతుంది. విరిగినప్పుడు మోగడానికి మా ఫిట్టరు పాత క్రేను నుంచి ఊడబెరికిన హారను తగిలించాడు. అది మోగితే కింద లేతులవాళ్ళు కూడా "పోయిందా?" అని అరిచేవాళ్ళు.

ఆఫీసులో అందరూ కూర్చున్నారు, అందరూ విరగ్గొట్టారు. ఫిట్టరు వ్యాసర్పాడి నుంచి రోజూ మోటారుసైకిలు మీద వచ్చేవాడు. విరిగిన ప్రతిసారీ ఒకటే వాదన: "అది నా తప్పు కాదక్కా. మెడ్రాసులో బండి నడిపేవాడు ముందే తిప్పేయాల. ఆటోవాడు ఎటు వంగుతాడో తెలిసినాక తిప్పితే ఆస్పత్రిలోనే లేచేది."

కోడింగు అమ్మాయిది గుంటూరు వైపు. ఆమె కూర్చుంటే వీడియో గేము ఆడినట్టు పిడిని అటూ ఇటూ కుమ్మేది. హారను మోగగానే, "ఏంటండీ ఇది, నేను రాసిందే నా మాట వినట్లేదు!" అనేది.

చివరికి నన్ను కూర్చోబెట్టారు. నాకు స్కూటరు రాదు, సైకిలు రాదు. నేను తొక్కింది కుట్టుమిషన్ ఒక్కటే. ముల్లు కదిలింది. అవ్వ గుర్తొచ్చింది. చిటికెడు కదిపి, వదిలేసి, రామ రామ అనుకుంటూ ఊరుకున్నాను. ముల్లు దానంతటదే తిరిగొచ్చి నడుమ నిలబడింది. హారను మోగలేదు. కిందనుంచి ఎవరో "కరెంటు పోయిందా?" అని కేకేశారు.

అప్పటినుంచి నా చెయ్యి మా ఆఫీసుకు తూకపురాయి అయింది. యంత్రంలో ఏ మార్పు చేసినా నన్ను పిలిచేవాళ్ళు. నా చేతిలో ముళ్ళు ఊగితే యంత్రంలో లోపం. ఊగకపోతే యంత్రం బాగున్నట్టు. ఏ బండీ నడపడం రాదన్న ఒక్క అర్హతతో నేను నెలల తరబడి రోజూ అంతరిక్షానికి పోయి, సాయంత్రం పూలు కొనుక్కుని నడిచి ఇంటికొచ్చేదాన్ని.

ఇక మేం చేసిన తప్పు. దాన్ని ఇంకెవరూ చేయలేరు, మాబోటి మర్యాదస్తులు తప్ప.

ఆ సీటును ఫిట్టరు నిజంగా వెల్లకిలా పడుకునేలాగే చేశాడు. వీపు నేలకు, కాళ్ళు పైన మెట్టుకు. నన్ను మొదటిసారి కూర్చోమన్న రోజున నేను ఎప్పటిలాగే చీరలో ఉన్నాను. అందరూ ఒకసారి సీటు చూశారు. ఒకసారి నన్ను చూశారు. తర్వాత అందరూ నేల చూశారు. పెద్దసారు గొంతు సవరించుకుని, "సీటు నిలబెట్టరా" అన్నారు. ఫిట్టరు బోల్టులు విప్పి దాన్ని కుర్చీలా నిలబెట్టాడు. ఆ విషయం ఎవరూ ఎత్తలేదు. ఎత్తడమే మర్యాద కాదని అందరికీ తెలుసు. నెలలన్నీ అది కుర్చీలాగే ఉండిపోయింది. అన్ని కొలతలూ, అన్ని సర్దుబాట్లూ కుర్చీలో కూర్చున్న నా చేతిని బట్టే జరిగాయి.

పరీక్ష రోజు వచ్చింది. పెద్ద కారు సందులో పట్టక మొనలోనే ఆగిపోతే, పని ఇచ్చినవాళ్ళ తరఫున పిడి సంగతి తేల్చే కమిటీవాళ్ళు ఇనుప రజను తొక్కుకుంటూ నడిచి వచ్చారు. వాళ్ళతో వచ్చిన పైలట్ యుద్ధవిమానాలు నడిపిన మనిషి. హైదరాబాదు వైపు వాడు. అందరికంటే ముందు నాకు నమస్కారం పెట్టాడు. ఫిట్టరు ఆ పొద్దున్నే సీటును మళ్ళీ వెల్లకిలా పడుకోబెట్టి బోల్టులు బిగించి ఉంచాడు. పైలట్ అందులో పడుకుని పిడి పట్టుకున్నాడు.

హారను మోగింది.

రెండోసారి కూడా. ముల్లు పైకి, కిందికి, పైకి, కిందికి. అంతటి పైలట్ చేతిలో మా ఫిట్టరు మోటారుసైకిలు నడిపినట్టే నడిచింది రాకెట్టు. ఆయన మొహం తుడుచుకుని, "పిడిని ఎవరో నా దిక్కు గుంజుతున్నట్టు ఉంది. కొంచెం మొండిగా చేయుండ్రి" అన్నాడు. పిడి కదిలినా రాకెట్టు తక్కువ తిరిగేలా కోడింగు అమ్మాయి మార్చింది. ఈసారి ఉయ్యాల నిదానంగా పెరిగింది గానీ, హారను మాత్రం మోగింది.

కమిటీ పెద్దాయన కళ్ళజోడు తీసి మెల్లగా అన్నాడు: "మనిషి చేత్తో అయ్యే పని కాదేమో లెండి. పిడి తీసేస్తేనే మంచిదేమో."

పైలట్ మంచివాడు. "లోపం నాదే కావచ్చు సార్. రేపు ఒక్కసారి చూద్దాం" అన్నాడు. సరే, రేపు ఆఖరు అని వాళ్ళు వెళ్ళిపోయారు. వాళ్ళ కోసం తెప్పించిన జాంగిరీలు అలాగే ఉండిపోయాయి. ఎవరికీ నోట్లో పెట్టబుద్ధి కాలేదు. ఫిట్టరుకు తప్ప.

పెద్దసారు ఖాళీ సీటును చూస్తూ నిలబడ్డారు. "అంత పెద్ద పైలట్ వల్ల కాలేదంటే ఎవురి వల్ల అయితదిరా?" అన్నారు.

ఫిట్టరు జాంగిరీ మింగి, "ఆయన కూడా బండి నడిపేవాడే కదా సార్. ముందే తిప్పేసుంటాడు" అన్నాడు.

"నువ్వు నోరు మూసుకో."

కోడింగు అమ్మాయే అంది. "సార్, మార్చింది సీటొక్కటే కదండీ. ప్రోగ్రాం నిన్నటిదే. లోపం ఆయన చేతిలో ఉందో, పడుకోవడంలో ఉందో తెలియాలంటే, ఎప్పుడూ ఊగని చెయ్యి ఒకటి కావాలి. ఆ చెయ్యి కూడా పడుకుని ఊగిందంటే..."

మళ్ళీ అందరూ నేల చూశారు.

ఆ వయసులో, అంతమంది మధ్య, కాళ్ళు పైకి పెట్టి వెల్లకిలా పడుకోవడం! పెద్దసారు వెంటనే, "వద్దమ్మా, వద్దు. ఇంకేదైనా చూస్తాం" అన్నారు. ఆయన మొహం లిఫ్టులో ఇరుక్కున్నవాడి మొహంలాగే ఉంది. అది చూశాక నాకు వద్దనడానికి నోరు రాలేదు. మనసులో, "స్వామీ, నీ ముందు సాష్టాంగం బోర్లా పడతాను. ఈ ఒక్కసారి వెల్లకిలా పడతాను, ఏమీ అనుకోవద్దు" అని చెప్పుకున్నాను.

కోడింగు అమ్మాయి తన హాస్టలు సంచిలోంచి చుడీదార్ తీసిచ్చింది. నేను చుడీదార్ వేసుకోవడం అదే మొదలు. వేసుకుని బయటికి వస్తే ఫిట్టరు, "అక్కా, కాలేజీ పిల్ల మాదిరి ఉండావే!" అన్నాడు. "సుమ్మా ఉండు" అని అమ్మాయి అతని తమిళంలోనే, ఊరుకోమని అతన్ని కసిరింది.

అయినా నా ఇబ్బంది తీరలేదు. "సరి, మేమందరం గోడవైపు తిరుగుతాం" అన్నారు పెద్దసారు.

"గోడవైపు తిరిగితే ముళ్ళు ఎవరు చూస్తారండీ?" అంది అమ్మాయి.

దానికి ఫిట్టరే ఉపాయం చెప్పాడు. మిషన్ల మీద కప్పే తెల్లదుప్పటి ఒకటుంటే తెచ్చి, సీటుకు అడ్డంగా ఒక కొస తను, ఒక కొస అమ్మాయి పట్టుకున్నారు. ఇవతల నేను, సీటు, పిడి. అవతల ముళ్ళ బొమ్మ చూపించే పెద్ద తెర, దాని ముందు పెద్దసారు. అచ్చం పెళ్ళిలో వధూవరుల మధ్య పట్టే తెరసెల్లలా. "ముహూర్తం దాటిపోతాండాది, కానీమ్మా" అన్నారు పెద్దసారు. అందరం నవ్వాం. నవ్వులోనే నేను పడుకున్నాను.

ఇంజన్లు రగిలాయి. ముల్లు కదిలింది. నేను చిటికెడు కదిపి వదిలాను. అది రాలేదు. ఇంకాస్త దూరం పోయింది. మళ్ళీ కదిపాను. రామ రామ అంటూనే ఉన్నాను. రాముడు ఆ రోజు ఎందుకో ఊరుకున్నాడు. పైకి, కిందికి, పైకి, కిందికి. నా చేతిలో, ఎన్నడూ ఊగని ఆ చేతిలో, రాకెట్టు ఉయ్యాలలూగి ఫెళ్ళున విరిగింది. హారను మోగింది.

దుప్పటి అవతలనుంచి పెద్దసారు కేక: "ఊగిందిరా! అమ్మ చేతిలో కూడా ఊగింది!"

చప్పట్లు. ఈలలు. దుప్పటి కొస వదిలేసి ఫిట్టరు గంతులు. కిందనుంచి "పోయిందా?" అని ఎవరో అరిస్తే, "పోయిందప్పా, సూపరా పోయింది!" అని పైనుంచి మావాడి జవాబు. నేను కాళ్ళు పైకి పెట్టుకుని అలాగే పడుకుని నవ్వుతున్నాను. దుప్పటి సంగతి ఎవరికీ గుర్తులేదు, నాకూ లేదు.

"లేవబాకమ్మా" అన్నారు పెద్దసారు దగ్గరికొచ్చి. "చెయ్యి ఎట్లుండాది, చెప్పు."

"బరువుగా ఉంది సార్. పిడిని పట్టుకున్నట్టు లేదు, పిడికి వేలాడుతున్నట్టు ఉంది."

అమ్మాయి వంగి చూసి, "అయ్యో ఆంటీ, మీ మోచెయ్యి గాల్లో ఉందండీ!" అంది.

అదీ సంగతి. కుర్చీలో కూర్చున్నప్పుడు చేతికింద పలక ఉంటుంది, చెయ్యి దానిమీద వాలుతుంది. అదే కుర్చీని వెనక్కి పడుకోబెడితే పలక గోడలా నిలబడుతుంది. మోచేతి కింద ఏమీ ఉండదు. చేతి బరువంతా పిడికి వేలాడి, దాన్ని మనవైపుకు కొద్దికొద్దిగా లాగుతూనే ఉంటుంది. రాకెట్టు ముక్కు లేస్తూనే ఉంటుంది. పాపం పైలట్ చెప్పనే చెప్పాడు, ఎవరో గుంజుతున్నారని. గుంజింది ఆయన మోచెయ్యే.

"చుమ్మాడు పెట్టరా" అన్నారు పెద్దసారు. సౌకార్‌పేటలో నెత్తిన మూటలు మోసేవాళ్ళు మూట కింద పెట్టుకునే గుడ్డచుట్టను చూస్తూ పెరిగినవాళ్ళం ఆయనా, నేనూ. ఫిట్టరు భుజం మీది తువ్వాలు తీసి చుట్టాడు. ఊడిపోయింది. అమ్మాయి చుట్టింది. అది జడలా వచ్చింది. పెద్దసారు చుట్టింది చూసి ముగ్గురం ఏమీ అనలేదు. చివరికి నలుగురి చేతులూ పడి ఏదో ఒకలా నిలిచింది. దాన్ని సీటుకు బెల్టుతో కట్టి, నా మోచెయ్యి అందులో పెట్టారు.

మళ్ళీ ఇంజన్లు. మళ్ళీ ముల్లు. చిటికెడు కదిపి వదిలాను. ముల్లు కాసేపు ఆలోచించి, వెనక్కి తిరిగి, నడుమకు వచ్చి కూర్చుంది. ఇంజన్లు ఆగేదాకా అక్కడే ఉంది. ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అందరూ జాంగిరీల మీద పడ్డారు.

మర్నాడు కమిటీ పెద్దాయన సీటుకు కట్టిన తువ్వాలును, అంచున ఉన్న నూనె మరకను చాలాసేపు చూశాడు. పెద్దసారు సంగతి చెప్పారు. పైలట్ పడుకునే ముందు నా దగ్గరికి వచ్చాడు.

"మీరే నడిపిండ్రంట గదమ్మా. ఎట్ల నడిపిండ్రు?"

బియ్యప్పళ్ళెం సంగతి చెప్పాను. "లాగబాక అనేది బాబూ మా అవ్వ. అంతకు మించి నాకు తెలియదు."

ఆయన నవ్వి, సీటులో పడుకుని, మోచెయ్యి చుమ్మాడులో పెట్టుకున్నాడు. ముల్లు పైకి పోయింది. చిటికెడు కదిపాడు. ఆగాడు. నేను ఆయన పెదవులు చూస్తున్నాను. అవి మెల్లగా మా అవ్వ మాటే అంటున్నాయి. ముల్లు నడుమకు వచ్చింది. కమిటీవాళ్ళు ఒక ఇంజను బలం తగ్గించారు, గాలి పెంచారు, ఏవేవో అడ్డంకులు వేశారు. హారను మోగలేదు. ఇంజన్లు ఆగాక ఆయన పిడి మీదినుంచి చెయ్యి తీసి, "నేనేం చేయలే సార్, అదే పోయింది" అన్నాడు.

కమిటీ పెద్దాయన కళ్ళజోడు పెట్టుకుని, "పిడి ఉండనివ్వండి" అన్నాడు. అంతే. నాలుగు నెలల పని, ఒక మనిషి పట్టుదల, రెండు మాటల్లో తేలిపోయింది. పెద్దసారు కింద లేతు షాపులన్నిటికీ కూడా జాంగిరీలు పంపించారు. ఆ రోజు లిఫ్టు కథ చెప్పలేదు. ఆ తర్వాత కూడా చెప్పినట్టు నాకు గుర్తు లేదు.

తువ్వాలు స్థానంలో తర్వాత మెత్త వేసిన గిన్నెలాంటి ఒక రేకు వచ్చింది. దానికి ఇంగ్లీషులో పొడుగాటి పేరేదో ఉంది, కానీ మా ఆఫీసులో అందరూ దాన్ని చుమ్మాడనే అంటారు. చుడీదార్ ఉతికి ఇస్త్రీ చేసి తీసుకుపోతే, "ఉంచుకోండి ఆంటీ, మళ్ళీ ఎప్పుడైనా రాకెట్టు ఎక్కాలంటే?" అంది అమ్మాయి. అది నా బీరువాలో పట్టుచీరల పక్కన ఉంది.

పోయినేడు రిటైరయ్యాను. పొద్దున దీపం పెట్టి, అవ్వకు, నాయనకు, టీచరమ్మకు, చుమ్మాడు చుట్టిన ఆ చేతులకు దణ్ణం పెట్టుకుంటాను. చివర్న ఒక మొక్కు ఉంటుంది. అంత కష్టపడి నిలబెట్టుకున్న ఆ పిడిని పట్టుకునే అవసరం పైకి పోయే బిడ్డల్లో ఎవరికీ ఎప్పటికీ రాకూడదని.

ఒకవేళ వస్తే, మోచేతి కింద చుమ్మాడు ఉంది.